ఫ్రెంచ్ జోడు గొట్టాల తుపాకీ, అందులోనూ దార్న్: కొనొచ్చా, దాంతో వేట చెయ్యొచ్చా?

బ్రదర్, మీ ప్రశ్న చదివాను. లియాన్ లో ఉద్యోగం, నిరుడు వేట పర్మిట్ పరీక్ష పాసయ్యారు, బెకాస్ అంటే ఉడ్‌కాక్ కోసం కొండ అడవుల్లో నడవడానికి తేలిక తుపాకీ కావాలి, సెయింట్ ఎటియెన్ లో ఒక పాత షాపులో 16 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం) దార్న్ కంపెనీ తుపాకీ కనబడింది, ఇంకో చోట మానుఫ్రాన్స్ కంపెనీ వాళ్ళ ఇదెయాల్ అనే మోడల్ 12 గేజ్ చవగ్గా వస్తోంది, రెండిట్లో ఏది, ఇంత పాత తుపాకీ ఈ రోజుల్లో వాడొచ్చా, రిటైరయ్యాక విజయవాడ పట్టుకెళ్లొచ్చా, ఇవేగా మీరు అడిగింది. ముందు సూటిగా చెప్పేస్తా: నడిచి వేటాడేవాడికి దార్న్ బెటర్, కానీ గొట్టాల అడుగున మార్కులు, చాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు, బ్లాక్ (వెనక మూసే ఉక్కు దిమ్మ) బిగుతు ఈ మూడూ చూశాకే డబ్బులు తియ్యండి. విచిత్రంగా ఉంది కదా అని కొంటే మాత్రం గోడకి తగిలించుకోడానికే పనికొస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది యానాం, 1962 ఒప్పందం అప్పుడు ఫ్రెంచ్ పౌరసత్వం ఉంచుకున్న కుటుంబాల్లో మాదొకటి, చదువుకని ఇటొచ్చి లువార్ జిల్లాలోనే స్థిరపడిపోయాను, పర్మిట్ తీసుకుని చాలా ఏళ్లే అయింది, అప్పట్నుంచీ జోడు గొట్టాలవే తప్ప వేరేది ముట్టుకోలేదు. నేను తుపాకులు బాగుచేసే ఆర్మూరియేని కాదు, ఆ పని చేసేవాళ్ళ పక్కన కూర్చుని చూసి తెలుసుకున్నదే ఎక్కువ.

మీరుండే చోటు నుంచి గంట ప్రయాణం లోపు ఉన్న సెయింట్ ఎటియెన్ గురించి ముందు కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ వింత తుపాకులన్నీ అక్కడివే. 1764 లో రాజుగారి పేరున ఆయుధాల కార్ఖానా పెట్టిన ఊరు. బొగ్గు గనులు, రిబ్బన్ల నేత, తుపాకులు, తర్వాత సైకిళ్ళు. తుపాకీ మొత్తం ఒక్క కప్పు కింద తయారయ్యేది కాదు, గొట్టం కొట్టేవాడొకడు, కర్ర చెక్కేవాడొకడు, నగిషీ చెక్కేవాడొకడు, ఎవరి ఇంట్లో వాళ్ళు చేసి ఇచ్చేవాళ్ళు. అలాంటి ఊళ్ళో పక్కవాడి కన్నా తనది వేరుగా ఉండాలన్న పట్టుదల సహజం కదా, అందుకే ఇంగ్లీషు వాళ్ళు ఒక డిజైన్ పట్టుకుని దాన్ని నునుపు చేసుకుంటూ పోతే వీళ్ళు మాత్రం గొట్టం కీలు మీద విరవకుండా తుపాకీ ఎలా తెరవాలా, పైన తెరిచే కీ లేకుండా ఎలా తెరవాలా అని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఒక ఆదివారం ఖాళీ చూసుకుని ఆ ఊరి ఆర్ట్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంకి వెళ్ళండి, తుపాకులు, రిబ్బన్లు, సైకిళ్ళు మూడూ ఒకేచోట చూడొచ్చు, టికెట్ డబ్బులకి న్యాయం జరుగుతుంది.

ఇప్పుడు దార్న్. రెజిస్ దార్న్ అనే ఆయన 1894 లో జారే బ్రీచ్ కి, అంటే గొట్టాల వెనక జారే మూతకి, పేటెంట్ తీసుకున్నాడు. మామూలు జోడు గొట్టాల తుపాకీ మధ్యలో కీలు మీద విరుగుతుంది, గొట్టాలు కిందకి వాలతాయి, తూటాలు పెట్టి మళ్ళీ మూస్తాం. దార్న్ లో గొట్టాలు కదలవు. వెనకాల ఉన్న ఉక్కు దిమ్మ, బ్లాక్ అందాం, పట్టాల మీద వెనక్కి జారుతుంది. పైన ఒక లీవర్ ఉంటుంది, దాని చివర రెండు చెవుల్లాంటివి, వాటిని వేళ్ళతో పట్టుకుని పైకెత్తి వెనక్కి లాగితే బ్లాక్ మొత్తం మీ వైపు వచ్చేస్తుంది, చాంబర్లు పైనుంచి కనబడతాయి, రెండు తూటాలు వేసి లీవర్ ముందుకి తోసి కిందకి నొక్కితే అయిపోయింది. ఇనప్పెట్టె తలుపు మూసినట్టు ఉంటుంది ఆ చప్పుడు, ఒకసారి వింటే మర్చిపోరు. తెరిచి మూసేసరికే లోపలి స్ట్రైకర్లు, అంటే తూటాని కొట్టే పిన్నులు, కాల్చడానికి సిద్ధమైపోతాయి, విడిగా చెయ్యాల్సింది ఏం లేదు.

ఇందులో అసలు తెలివంతా బ్లాక్ ముఖం మీద ఉంది. అక్కడ రెండు గుండ్రటి బిళ్ళలు కొంచెం ముందుకి పొడుచుకుని ఉంటాయి. మూసినప్పుడు అవి చాంబర్ నోట్లోకి దిగి తూటా అంచుని చుట్టూ పట్టేస్తాయి, అంటే తూటా వెనక భాగానికి నాలుగు పక్కలా ఉక్కే. ఎప్పుడైనా తూటా అడుగు చీలి గ్యాస్ వెనక్కి వచ్చినా కళ్ళ మీదకి రాకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది, తూటా అంచు మందం కాస్త అటూ ఇటూ అయితే ఈ తుపాకీ ఊరుకోదు, ఒక కంపెనీ తూటాకి లీవర్ వెన్నలా పడుతుంది, ఇంకో కంపెనీదైతే చివర్లో మొరాయిస్తుంది. అలా మొరాయించినప్పుడు అరచేత్తో గుద్ది మూసేవాళ్ళని చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి, తూటా మార్చండి.

ఆర్, వీ అని రెండు వరసలు కనబడతాయి మీకు. ఆర్ అంటే ఆర్10, ఆర్11 అలా పైకి, మామూలు వేటగాళ్ళు కొన్నవి ఎక్కువ ఇవే. వీ అంటే పై తరగతి, పని, నగిషీ, కర్ర అన్నీ ఒక మెట్టు పైన, ధర చాలా మెట్లు పైన. హాలిఫాక్స్ అని ఇంకా చవక రకం కూడా ఉంది, చూడ్డానికి సాదా అయినా నమ్మకంగా పనిచేస్తుంది, నాకైతే దాని మీద చిన్నచూపు లేదు. పాత కంపెనీ 1979 లో మూతపడింది, తర్వాత అక్కడే పనిచేసిన పాల్ బ్రూషె కొన్నాళ్ళకి తన పేరు మీద అవే తుపాకులు చెయ్యడం మొదలెట్టాడు, అందుకే బ్రూషె అని రాసి ఉన్నా అది కూడా దార్నే, నకిలీ అనుకోకండి. షార్లిన్ అని ఇంకోటి కూడా జారే బ్రీచ్ తోనే వస్తుంది, దూరం నుంచి చూస్తే అన్నదమ్ములే. అన్నట్టు ఇదే దార్న్ కంపెనీ రెండు ప్రపంచ యుద్ధాల మధ్య విమానాలకి మెషిన్ గన్లు కూడా చేసింది, పిట్టల తుపాకీ చేసేవాళ్ళు ఆ పని కూడా చేశారంటే వినడానికే తమాషాగా ఉంటుంది.

సరే, షాపులో ఏం చూడాలి. మొదటిది గొట్టాల అడుగున మార్కులు. షాపువాడిని అడిగి గొట్టాలు విప్పించి తిరగేసి చూడండి, సిగ్గుపడకండి, విప్పనన్నాడంటే మీరు బయటకి నడిచేయండి. సెయింట్ ఎటియెన్ ప్రూఫ్ హౌస్, అంటే తుపాకుల్ని పరీక్షించే చోటు, దాని ముద్రలో కిరీటం, అడ్డంగా రెండు తాటాకు మట్టల్లాంటి కొమ్మలు ఉంటాయి. కిరీటం కింద పీటీ అని రెండక్షరాలుంటే పొగలేని పౌడర్ తో, పౌడర్ టీ అంటారు, దాంతో పరీక్ష చేసి పాస్ చేశారని. మీకు కావాల్సింది అది. అది లేకుండా ఉత్త బ్లాక్ పౌడర్, అంటే పాత నల్ల మందు, నాటి ముద్రలే ఉండి గొట్టం మీద నీళ్ళ అలల్లా చారలు కనబడితే అది డమాస్కస్ గొట్టం, చూడ్డానికి చాలా బాగుంటుంది, ఇవాళ్టి తూటా మాత్రం దాంట్లో పెట్టకండి.

రెండోది అక్కడే ఉండే అంకె, 65 గానీ 70 గానీ. చాంబర్ పొడవు మిల్లీమీటర్లలో అది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు చేసిన 12, 16 గేజ్ తుపాకులు చాలా వరకు 65 వే. ఇవాళ సూపర్ మార్కెట్ లాంటి షాపుల్లో దొరికేవి దాదాపు అన్నీ 70. ఇక్కడే అసలు ప్రమాదం, మీరు జాగ్రత్తగా వినాలి: 70 అని రాసున్న తూటా కాల్చకముందు మూతి మడతపెట్టి ఉంటుంది కాబట్టి కొలిస్తే 60 లోపే ఉంటుంది, 65 చాంబర్ లోకి హాయిగా దిగిపోతుంది, తుపాకీ హాయిగా మూసుకుంటుంది, ఎవరికీ అనుమానం రాదు. కాల్చినప్పుడు ఆ మడత విచ్చుకుంటుంది కదా, విచ్చుకోడానికి చోటు లేక చాంబర్ ముందున్న సన్నటి మెడలోకి పోయి దారి ఇరుకు చేస్తుంది, లోపల ప్రెజర్ పెరిగిపోతుంది. ఒకసారికి ఏం కాకపోవచ్చు, కానీ ఏళ్ళ తరబడి అలా కొడితే తేలికగా చేసిన తుపాకీ వదులైపోతుంది, అంతకన్నా పెద్దదే జరగొచ్చు కూడా. మా వైపు ఒక షాపులో కౌంటర్ కుర్రాడు "పట్టింది కదండీ, ఇంకేంటి" అని 70 డబ్బా చేతిలో పెట్టబోయాడు, పట్టడం వేరు కాల్చడం వేరు అని వాడికి చెప్పి పక్క ఊరు నుంచి 65 తెప్పించుకున్నాను. 16 గేజ్ 65 తూటాలు చేసే కంపెనీలు ఫ్రాన్స్ లో ఇంకా ఉన్నాయి, సీజన్ ముందే ఒక పెట్టె తెప్పించి పెట్టుకోండి, నవంబర్ లో వెతికితే దొరకవు. కొందరు చాంబర్ ని 70 కి పొడిగించేస్తారు, అలా చేసుంటే మళ్ళీ ప్రూఫ్ చేయించిన ముద్ర ఉందా అని అడగండి, లేకపోతే వద్దు.

మూడోది బ్లాక్ బిగుతు. ఖాళీ తుపాకీ మూసి, గొట్టాలకీ బ్లాక్ కీ మధ్య వెలుతురు కనబడుతుందా అని కిటికీ వైపు పెట్టి చూడండి. లీవర్ కిందకి దిగేటప్పుడు చివరి వేలెడు దూరంలో కొంచెం బిగువు తగలాలి, గలగలా పడిపోతే లోపలి లింకు అరిగిందని. డమ్మీ తూటాలు పట్టుకెళ్ళి అవి వేసి కూడా మూసి చూడండి, ఎందుకంటే ఖాళీగా బాగున్నది తూటాతో మొరాయించొచ్చు. రెండు ట్రిగర్లూ నొక్కి డమ్మీ మీద పిన్ను దెబ్బ మధ్యలో పడుతోందా చూడండి. గొట్టాలు విప్పినప్పుడు వేలికి తగిలించి గోటితో కొట్టండి, గుడి గంటలా మోగితే మధ్య పట్టీ బాగా అతికి ఉన్నట్టు, మొద్దుగా మోగితే ఎక్కడో అతుకు వదిలింది. గొట్టం లోపల వెలుతురు వైపు తిప్పుతూ చూస్తే సొట్టలుంటే నీడ విరుగుతుంది. ఆఖరికి కర్ర, ఉక్కు కలిసే చోట సన్నటి గీత ఉందేమో వేలు పెట్టి తడమండి, దార్న్ మెడ దగ్గర కర్ర సన్నం, పాతవాటికి అక్కడే పగులుతుంది, నూనె పీల్చిన నల్లటి మరక కింద ఆ పగులు దాక్కుంటుంది.

ఇంకోటి, భుజానికి ఎత్తి చూడండి. పాత ఫ్రెంచ్ తుపాకుల కర్ర వంపు ఎక్కువ, అప్పట్లో తల నిటారుగా పెట్టి కాల్చేవాళ్ళు. మీరు క్లే షూటింగ్ (ఎగిరే మట్టి బిళ్ళల్ని కొట్టే) క్లబ్బులో కొత్త తుపాకులతో నేర్చుకుని ఉంటే దీన్ని ఎత్తగానే కంటికి బ్లాక్ వెనక భాగమే కనబడి గొట్టం చివర కనబడదు, దాంతో పిట్ట కింద నుంచి కొట్టేస్తారు. కళ్ళు మూసుకుని ఎత్తి, తర్వాత కళ్ళు తెరిచి చూడండి, గొట్టాల మీదుగా చూపు సాఫీగా పోవాలి. పోకపోతే చెంప దగ్గర చిన్న తోలు ప్యాడ్ తో సర్దొచ్చు, మరీ తేడా అయితే మాత్రం వదిలేయండి, ఎంత చవకైనా.

ఇవన్నీ బాగుంటే ఇంక దాని సుఖం అడవిలోనే తెలుస్తుంది. 16 గేజ్ దార్న్ రెండున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది, ప్లూమ్ అనే రకంలో గొట్టాల పైన పట్టీ కూడా వెనక కొంత దూరమే ఉంటుంది, బరువు తగ్గించడానికే అది. పొద్దున్నించి సాయంత్రం దాకా కుక్క వెనక వాలు ఎక్కి దిగేవాడికి ఆ బరువు తేడా మధ్యాహ్నం తర్వాత భుజాల్లో తెలుస్తుంది. అయితే తేలిక తుపాకీ తన్నుతుంది కూడా, అందుకే 16 లో 27, 28 గ్రాముల తూటా చాలు, 32 గ్రాములు పెట్టి పెద్ద మొనగాడిలా కాల్చనక్కర్లేదు, బెకాస్ చిన్న పిట్ట, దానికి అంత మందెందుకు.

బెకాస్ తెలుసు కదా, మన చెరువు గట్ల దగ్గర తిరిగే ఉల్లంకి పిట్టకి పెద్ద చుట్టం, కానీ నీళ్ళలో కాకుండా అడవిలో ఎండాకుల మీద పడుకుంటుంది. అక్టోబర్, నవంబర్ లో రష్యా, స్కాండినేవియా వైపు నుంచి చలికి ఇటొస్తుంది. బ్రిటనీ స్పానియల్ గానీ సెట్టర్ గానీ మెడలో గంటతో పొదల్లో తిరుగుతుంటే మీరు ఆ గంట విని నడుస్తారు. గంట ఆగిందంటే కుక్క వాసన పట్టి నిలబడిపోయిందని. అప్పుడు మీకు దొరికేది ఎంత, హాలీ, హేజెల్ పొదల మధ్య కాస్త సందు, పిట్ట లేస్తే చెట్టు మొద్దు చాటుగా మెలిక తిరిగి పోతుంది, పది పదిహేను మీటర్ల లోపు వ్యవహారం. నిలబడిన చోట కొమ్మలు భుజాలకి తగులుతుంటాయి. మామూలు తుపాకీ మళ్ళీ లోడ్ చెయ్యాలంటే గొట్టాలు కిందకి విరవాలి, పొదలో అది కొమ్మలకి తట్టుకుంటుంది, దార్న్ కి ఆ బాధ లేదు, గొట్టాలు అలాగే ముందుకి చూస్తుంటాయి, ఎడమ చెయ్యి పట్టు మారదు, కుడి చెయ్యి ఒక్కటే పని చేస్తుంది. దీని కోసం కొంచెం సాధన కావాలి, ఇంట్లో డమ్మీలతో టీవీ చూస్తూ లీవర్ ఎత్తడం దించడం చేస్తూ ఉండండి, మొదట్లో బొటనవేలు అలవాటుగా పక్కకి తోసే కీ కోసం వెతుకుతుంది, ఇక్కడ అది ఉండదు. సేఫ్టీ కూడా మామూలు తుపాకీలా మెడ మీద బొటనవేలి కింద ఉండదు, పక్కన లీవర్ లా ఉంటుంది, అది కూడా చూడకుండా చేతికి రావాలి. ఎడమచేతి వాటం వాళ్ళకి పై లీవర్ ఏ చేతికైనా ఒకటే కాబట్టి హాయి.

ఇబ్బందులు లేవని కాదు. బ్లాక్ వెనక్కి జారినప్పుడు పట్టాలు ఆకాశం వైపు తెరుచుకుని ఉంటాయి, పైన్ ఆకులు, మట్టి, ఆకు ముక్క ఏదన్నా పడితే మూసుకోదు, అందుకని పొద కింద తెరిచేటప్పుడు కొంచెం పక్కకి వంచి తెరవాలి. సాయంత్రం ఇంటికొచ్చాక పట్టాలు గుడ్డతో తుడిచి చుక్క నూనె, అంతే, జిడ్డుగా పూస్తే దుమ్ము పట్టి మరీ గరుకెక్కుతుంది. ఇంకోటి ముఖ్యం, నలుగురితో కలిసి వేటకి వెళ్ళినప్పుడు అందరి తుపాకులూ విరిచి భుజాన వేసుకుంటే దూరం నుంచే ఖాళీ అని తెలుస్తుంది, మీది విరగదు కదా, పక్కవాళ్ళకి మీ తుపాకీ ఎప్పుడూ లోడ్ అయి ఉన్నట్టే కనబడుతుంది. బ్లాక్ పూర్తిగా వెనక్కి లాగి, నోరు తెరిచి ఉన్నట్టు పైకి చూపించి మరీ కలవండి, తెలియని పెద్దాయన ఎవరైనా ఉంటే నోటితో కూడా చెప్పండి. కంచె దాటేటప్పుడు, వాగు దాటేటప్పుడు తూటాలు బయటకి తియ్యాల్సిందే, ఇది ఏ తుపాకీకైనా అంతే.

బెకాస్ కోసమే ఫ్రెంచ్ వాళ్ళు చేసిన ఇంకో వింత ఉంది, మీరు చూసిన దార్న్ లో ఉందో లేదో అడగండి. కుడి గొట్టం లోపల రైఫిల్ లా మెలిక గాళ్ళు తీస్తారు. రైఫిల్ లో ఆ గాళ్ళు బుల్లెట్ ని సూటిగా పంపడానికైతే ఇక్కడ ఉల్టా, గుళ్ళ గుత్తి సుడి తిరిగి బయటకి రాగానే విచ్చుకుపోతుంది, పది మీటర్ల దగ్గరే వెడల్పుగా పరుచుకుంటుంది. దగ్గర్లో లేచే పిట్టకి కుడి గొట్టం, తప్పితే కాస్త దూరానికి ఎడమ గొట్టం. మామూలు పాత తుపాకుల్లో చోక్, అంటే గొట్టం చివర ఇరుకు, బిగుతు ఎక్కువ, దాంతో పది మీటర్లలో బెకాస్ ని కొడితే వంటకి ఏం మిగలదు, కాబట్టి గాళ్ళ గొట్టం లేకపోతే కుడి వైపు విచ్చుకునే రకం తూటా, డిస్పర్సాంట్ అని రాసుంటుంది, అది వాడండి. ఫ్రెంచ్ నంబర్ల ప్రకారం 8 అంటే 2.25 మిల్లీమీటర్ల గుండు, 9 అంటే 2 మిల్లీమీటర్లు, మీకు ఈ రెండూ చాలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు చెప్పే నంబర్లు వేరు, అవి చూసి కంగారు పడకండి. గాళ్ళ గొట్టంలో స్టీల్ గుళ్ళు మాత్రం ఎప్పుడూ వద్దు.

స్టీల్ అన్నాను కాబట్టి ఇది కూడా. తడి నేలల్లో సీసం గుళ్ళు ఫ్రాన్స్ లో 2006 నుంచే నిషేధం, 2023 ఫిబ్రవరి 15 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం మీద తడి నేలలోనే కాదు, దానికి 100 మీటర్ల లోపు కూడా కాల్చకూడదు. కొండ అడవిలో బెకాస్ అయితే మామూలుగా మీకు అడ్డు రాదు, కానీ వాగు పక్కన, బురద కుంట పక్కన ఈ నియమం గుర్తుంచుకోండి. పాత తుపాకీతో అలాంటి చోట్లకి వెళ్ళాలంటే బిస్మత్ అనే లోహం గుళ్ళ తూటాలు, ఖరీదు ఎక్కువే, కానీ మెత్తగా ఉంటాయి, గొట్టం పాడవదు.

ఇక ఇదెయాల్. మానుఫ్రాన్స్ అంటే 1885 లో ఎటియెన్ మిమార్, పియేర్ బ్లాషోన్ పెట్టిన కంపెనీ, తుపాకులు, సైకిళ్ళు, కుట్టు మెషిన్లు, ఫిషింగ్ సామాను అన్నీ కేటలాగ్ చూసి పోస్ట్ లో తెప్పించుకునేలా చేసినవాళ్ళు, ఇప్పటి ఆన్‌లైన్ షాపింగ్ ఆనాడే. ఇదెయాల్ వాళ్ళ పై మోడల్, పైన కీ ఉండదు, తెరిచే మీట ట్రిగర్ గార్డ్ దగ్గర ఉంటుంది, దాంతో పైభాగం నున్నగా చాలా అందంగా కనబడుతుంది. అందంలో దార్న్ కంటే ఒక మార్కు ఎక్కువే వేస్తాను. కానీ లోపలి మెకానిజం వాళ్ళ సొంత పద్ధతి, స్ప్రింగ్ పోతే అది తెలిసిన చెయ్యి దొరకాలి, అలాంటి పెద్దవాళ్ళు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. 12 గేజ్ కాబట్టి బరువు కూడా. వేరే తుపాకీ ఉండి సరదాకి రెండోది అయితే కొనండి, మొదటిది, ఒక్కటే అయితే వద్దు. అంతకన్నా మానుఫ్రాన్స్ వాళ్ళదే రోబుస్త్ దొరికితే చూడండి, 1913 లో మొదలైన మోడల్, రైతులు, పోస్ట్ మాన్లు, బడి మాస్టార్లు కొన్న తుపాకీ, లక్షల్లో అమ్ముడైంది, పేరుకి తగ్గట్టు మొద్దులా ఉంటుంది, చెడదు. కొన్నిట్లో భుజానికి తగిలించుకునే పట్టీ కర్ర లోపలే చుట్టుకుని ఉంటుంది, లాగితే వస్తుంది, వదిలితే లోపలికి పోతుంది, అది చూసి మా కజిన్ పిల్లాడు అరగంట దాంతోనే ఆడుకున్నాడు, ఖాళీ తుపాకీయే లెండి.

కింద కామెంట్ లో ఎవరో పిన్‌ఫైర్ గురించి కూడా అడిగారు, తూటా పక్కన మేకులా పొడుచుకొచ్చేది, 1830ల్లో కాసిమీర్ లెఫోషో తెచ్చిన పద్ధతి. గొట్టం విరిచి వెనక నుంచి తూటా పెట్టే తుపాకీలన్నిటికీ దారి వేసింది అదే, చరిత్రగా గొప్పది. వేటకి మాత్రం వద్దు, తూటాలు షాపులో దొరకవు, చేసుకుని కాల్చడం మీ నా పని కాదు.

చట్టం విషయం క్లుప్తంగా. జోడు గొట్టాల తుపాకీ ఫ్రాన్స్ లో కేటగిరీ సీ, మీ పర్మిట్, ఆ ఏడాదిదో నిరుటిదో వాలిడేషన్ చూపించాలి, ఎస్ఐఏ అనే ప్రభుత్వ ఆయుధాల ఆన్‌లైన్ ఖాతా తప్పనిసరి, షాపువాడు అందులో మీ పేరు మీద ఎక్కిస్తాడు. ఎవరో ముసలాయన అటక మీద దొరికింది, రాతకోతలు లేకుండా ఇచ్చేస్తానంటే తీసుకోకండి, మధ్యలో ఒక ఆర్మూరియే దగ్గరికి వెళ్ళి రాయించుకోండి. ఇంట్లో బీరువాకి తాళం, తూటాలు వేరే చోట. బెకాస్ కి దేశం మొత్తం మీద మనిషికి సీజన్ కి 30 పరిమితి, కొట్టింది కొట్టినట్టు అక్కడికక్కడే కార్నెట్ అనే చిన్న పుస్తకంలోనో యాప్ లోనో నమోదు చెయ్యాలి, జిల్లాని బట్టి రోజుకీ వారానికీ ఇంకా తక్కువ లెక్కలుంటాయి, మీ జిల్లా వేటగాళ్ళ ఫెడరేషన్ ని అడగండి. ఫిబ్రవరి 20 తో సీజన్ అయిపోతుంది. కొట్టిన బెకాస్ ని అమ్మకూడదు, ఎవరైనా రెస్టారెంట్ వాళ్ళు అడిగినా సరే.

విజయవాడ మాట మర్చిపోండి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఉంది, 1991 సవరణతో ఇంకా గట్టిగా బిగించారు, అడవిలో తుపాకీతో పిట్టని కొడితే జైలే. లైసెన్స్ ఒకవేళ దొరికినా 2019 సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులే, దానికోసం కలెక్టరాఫీసు చుట్టూ, పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి చివరికి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకోడానికి ఇంత దూరం నుంచి ఎందుకు చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు ఇక్కడే కుర్ర వేటగాడెవరికైనా అమ్మేసి రండి, 65 తూటాల డబ్బాలు మిగిలితే అవి కూడా వాడికే ఇచ్చెయ్యండి, వాడికి దొరకడం ఇంకా కష్టం.

ధర గురించి అడిగారు, మామూలు ఆర్ మోడల్స్ ఫ్రాన్స్ లో కొన్ని వందల యూరోల్లోనే దొరుకుతాయి, అందరూ కొత్త ఓవర్ అండర్లు (గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేవి), సెమీ ఆటోలు (తమంతట తామే మళ్ళీ లోడ్ అయ్యేవి) కొంటున్నారు కాబట్టి పాతవాటికి గిరాకీ లేదు. అమెరికాలో ఇదే తుపాకీకి చాలా ఎక్కువ అడుగుతారు, అక్కడి సైట్లలో ధర చూసి మీ షాపువాడికి చూపించకండి, వాడు పెంచేస్తాడు. మీరు శనివారం వెళ్తానన్నారు కదా, గొట్టాల అడుగున మార్కులు, బ్లాక్ ముఖం, కర్ర మెడ రెండు పక్కలా దగ్గరగా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, సీరియల్ నంబర్ మీద మాత్రం వేలు అడ్డం పెట్టండి. మార్కులు చూసి 65 ఆ 70 ఆ, పీటీ ఉందా లేదా నేను చెప్తాను, ఆ తర్వాతే బేరం మొదలెట్టండి.